పొయ్యిలో గుప్పెడు జొన్నలు

నాతో చదువుకున్నామె నవల చేతిలోకి రాగానే నేను మొదట చూసింది వెనుక అట్ట మీద ఫొటో. తర్వాత ఎన్ని పేజీలో చూశాను. మూడొందలు దాటాయి. నాకు కడుపు మండింది.

వానలు ముఖం చాటేసిన ఏడాది పిల్లాజెల్లాతో లారీలెక్కి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడాన్ని మా కోడుమూరు దిక్కు సుగ్గికి పోవడమంటారు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో నేనూ పోయాను. కాయల ఘాటుకు మండిన కళ్లు నావి, బడి రిజిస్టర్‌లో కొట్టేసిన పేరు నాది. ఊరు వదిలినవాళ్లు ఏ ఊరివాళ్లవుతారన్న ప్రశ్న కూడా నాదేననుకునేదాన్ని. దాని మీద నవల రాస్తున్నానని పదేళ్లుగా అందరికీ చెబుతూ నలభై పేజీల దగ్గర ఆగిపోయాను. ఆమె కడపలో వకీలు కూతురు. కర్నూలులో చదివేటప్పుడు నా పక్క బెంచీ. సుగ్గి అన్న మాట మొదట విన్నదే నా నోట. మా దిక్కు ఊళ్లు నాలుగు తిరిగి, రాసేసింది.

తప్పులు వెతకడానికే చదివాను, పెన్సిలు పట్టుకుని, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ. ఎంతకీ దొరకలేదు. అది ఇంకా మంట. చివరికి ఒకటి దొరికింది. అందులో తల్లి ఇంటికి తాళం వేసేముందు చల్లారిన పొయ్యిలో, బూడిద కింద గుప్పెడు జొన్నలు పెడుతుంది. మేమొచ్చేదాకా పస్తుండొద్దని ఇంటికి చెబుతుంది. మా ఊళ్లో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. సంతోషం పట్టలేక ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

కర్నూలులో ఆ పుస్తకం మీద సభ పెట్టారు. నేను లేచి, కావాలనే మా ఊరి మాటలో అన్నాను.

"సుగ్గికి పోయినదాన్ని చెప్తాండా. పొయ్యిలో జొన్నలు పెట్టేది మా దిక్కు యాడా లేదు. ఇది కూచుని అల్లిన ముచ్చట."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పేదే నిజమేమోలే" అని ఊరుకుంది. నాకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఆదివారం ఊరికి పోయి, రొట్టెలు తడుతున్న అమ్మకు నా ఘనకార్యం చెప్పాను. అమ్మ రొట్టె తట్టడం ఆపింది.

"అది నేను చెప్పిందే కదమ్మా. పోయిన ఎండాకాలం ఆ పాప వచ్చి మూడు దినాలు ఈడనే కూచునింది. పోయినప్పుడల్లా నేను పెడ్తాంటి జొన్నలు."

"నేనెప్పుడూ చూడలేదే?"

"నువ్వు యాడ చూస్తావు? ముందర చోటు దొరకదని అందరికంటే ముందే లారీ ఎక్కి కూచుంటాంటివి."

సభలో అంతమంది ముందు "మీ అమ్మే చెప్పింది" అని ఆమె ఒక్క మాట అంటే నా పరువు గంగలో కలిసేది. అనలేదు. ఆ మంచితనం చూసి కూడా నాకు అసూయే పుట్టింది, ఏం చేయను?

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు పెరిగింది.

"నువ్వు అడిగితివా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. వచ్చినప్పుడల్లా నువ్వు చెప్పేదే, నేను వినేదే."

పొయ్యి పక్కన కూచున్నాను. మెల్లగా అడిగాను. "ఆ పాపకు ఇంకా ఏమేం చెప్పినావు?"

అమ్మ పెనం మీద రొట్టె తిరగేసింది.

"శానా చెప్తిని. మళ్లీ అదంతా ఎవరు చెప్తారు? అన్నీ ఆ బుక్కులో రాసినాదంట కదా, చదువుకోపో."