ముప్పై రెండు ట్రేల పులిహోర

కీబోర్డు మీద రెండుసార్లు నొక్కాల్సిన మీటను ఒక్కసారే నొక్కి, ముప్పై రెండు వంటిళ్ళను ఒకే పూటలో పసుపుమయం చేసిన ఘనత నాది. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు నేను కూడా నవ్వి ఉంటే బాగుండేది. కానీ అందరూ ట్రేల మూతలు తీస్తున్న సమయానికి నేను అమెరికాలో, నోవై అనే ఊళ్ళో, ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడుస్తున్నాను.

మొదటినుంచీ చెప్తాను.

నేను మిషిగన్ వచ్చింది కార్ల ఇంజన్ల మీద ఎం.ఎస్. చెయ్యడానికి. వచ్చాక తెలిసింది, ఇప్పటి కార్లలో ఇంజన్ కంటే కోడే ఎక్కువని. సరే అని రెండో సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు తీసుకున్నాను. మొదటి వారం పాఠం ఆపరేటర్లు. బోర్డు మీద కూడిక గుర్తు, తీసివేత గుర్తు, సమానం గుర్తు కనిపించగానే నాకు ఎక్కడలేని ధీమా వచ్చేసింది. ఇవన్నీ మూడో తరగతిలో బెత్తం దెబ్బలు తిని మరీ నేర్చుకున్నవే కదా! హాయిగా ఫోన్ తీసి చీరల ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నాను. ప్రొఫెసర్ సమానం గుర్తు దగ్గర ఆగి, ఒకటి వేస్తే ఒక అర్థం, రెండు వేస్తే ఇంకో అర్థం అని పావుగంట చెప్పాడట. చెప్పాడట అంటున్నానంటే మీరే అర్థం చేసుకోండి.

ఇక వసంత ఆంటీ. ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడ భర్త మూర్తి అంకుల్ అక్కడి కార్ల కంపెనీలో ఇంజనీరు. వాళ్ళింట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఎవరినీ పిలవరు, అందరూ వెళ్తారు. గరాజ్‌లో స్నో బూట్లు గుట్టగా పడి ఉంటే భోజనాలు మొదలైనట్టు. మాలాంటి స్టూడెంట్స్ పది పన్నెండు మంది. వచ్చిన ప్రతివాడూ తిని, పాత ఐస్‌క్రీం డబ్బాల్లో పప్పూ కూరా పట్టుకుపోవలసిందే. ఆంటీ మాత్రం అందరూ అయ్యాక, స్టౌ పక్కన నిలబడి, గిన్నెల్లో అడుగున మిగిలింది తినేది. ఆవిడ కూర్చుని తినడం నేను చూడలేదు.

ఆ ఇంట్లో పులిహోర కలిపే ఉద్యోగం నాది. మా రూమ్మేట్ మమతది కరీంనగర్. దానిది ఉల్లిపాయలు తరిగే ఉద్యోగం. అందుకని నేనంటే దానికి కొంచెం కుళ్ళు.

"నువ్వు కలుపుతవ్, గంతే. పులుసు ఉడికించేది ఆంటీ, పోపు పెట్టేది ఆంటీ."

"కలపడంలోనే ఉందే అంతా!"

ఇలా ఉండగా అంకుల్‌ని కంపెనీవాళ్ళు జర్మనీకి మార్చారు. మార్చిలో ప్రయాణం. వీడ్కోలు భోజనం పెడదామని ఊళ్ళో మనవాళ్ళంతా అనుకుని, ఏం కావాలో ఆంటీనే అడిగారు. ఆవిడ సిగ్గుపడుతూ చెప్పింది.

"ఇన్నేళ్ళూ నా వంట నేనే తిని మొహం మొత్తిందర్రా. ఒక్కసారి కూర్చుని, ఇంటికో రకం చొప్పున అందరి చేతివంటా తినాలనుంది. పులిహోర మాత్రం వద్దు బాబూ. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ ఎక్కడ పెట్టినా అరడజను పులిహోరలే."

మాట నిజం. పులిహోర పాడవదు, కారులో ఒలకదు, చల్లారినా బాగుంటుంది. మనవాళ్ళు ముగ్గురు కలిసిన చోట రెండు పులిహోరలు ఉంటాయి.

నేను లేచి నిలబడ్డాను. ఎవరైనా నన్ను కూర్చోబెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఆంటీ, మీరు నిశ్చింతగా ఉండండి. నేను ప్రోగ్రాం రాస్తాను. ఒక్క పులిహోరకే పర్మిషన్. అది నాది. మిగతావన్నీ వేరే వేరే."

"నిజంగానా అమ్మాయ్?" ఆవిడ కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ప్రోగ్రాం అంటే బ్రహ్మవిద్య కాదు. ఎవరు ఏం వండుతారో ఫారంలో రాస్తారు. నా ప్రోగ్రాం ఒక్కొక్కరి వంటకం చూసి, 'నువ్వు పులిహోరవా?' అని అడిగి, అవునంటే లెక్కలో వేసుకోవాలి. లెక్క ఒకటి దాటితే నేను ఫోన్లు చేసి మార్పిస్తాను. చివర్లో అందరికీ వాళ్ళ వంటకం గుర్తుచేస్తూ మెయిల్ వెళ్ళాలి. ఆ భాషలో అలా అడగాలంటే రెండు సమానం గుర్తులు వెయ్యాలి. ఒక్కటి వేస్తే అది అడగడం కాదు. 'ఇకనుంచి నువ్వు పులిహోరవి' అని ఆజ్ఞ. నేను ఒక్కటి వేశాను.

"టెస్ట్ చేసినవా?" అంది మమత.

"చేశా. నా పేరు పెట్టి నడిపా. పులిహోర అనే వచ్చింది."

"నువ్వు తెచ్చేదే పులిహోర కదనే. ఇంకోల్లది పెట్టి చూడరాదు?"

"నీకు ఉల్లిపాయలు చాలు గానీ, ఇది నాకొదిలెయ్."

భోజనం శనివారం. శుక్రవారం మధ్యాహ్నం బటన్ నొక్కాను. తెర మీద 32 అని పడింది. అది పులిహోరల లెక్క. పక్కన ఆ మాట రాయడానికి బద్ధకించాను కాబట్టి ఉత్త అంకే కనిపించింది. మొత్తం ముప్పై రెండు ఇళ్ళు, ముప్పై రెండు మెయిల్స్ చక్కగా వెళ్ళాయనుకుని మురిసిపోయి, కాఫీ పెట్టుకుని తాగాను.

సాయంత్రం లక్ష్మి ఆంటీ ఫోన్.

"ఏమ్మా ఉషా, నేను గుత్తి వంకాయ అని రాశాను కదా. మెయిల్‌లో ఇంకోటి వచ్చిందేంటి?"

ఏం వచ్చిందని అడగాలి కదండీ! నేను అడిగే మనిషినా?

"సిస్టం బ్యాలెన్స్ చేసి పెడుతుంది ఆంటీ. అది చెప్పిందే చేసెయ్యండి."

తర్వాత నర్సింగరావు అంకుల్. "మా ఇంటామె సర్వపిండి చేస్తనంటె..." అనేలోపే నేను, "అంకుల్, లాజిక్ చాలా ఆలోచించి పెట్టాను" అన్నాను. పాపం పెద్దాయన, "మంచిదమ్మా" అని పెట్టేశాడు. మిగతా ఇళ్ళవాళ్ళు ఫోన్ కూడా చెయ్యలేదు. ఎవరో ఒకరు పులిహోర చెయ్యాలి కదా, ఆ త్యాగం మనవంతుకు వచ్చింది కాబోలు అని ఎవరికి వాళ్ళు చింతపండు నానబెట్టుకున్నారు.

శనివారం బయట మంచు పడుతోంది. బూట్లు దులుపుకుంటూ, రేకు ట్రేలు పట్టుకుని జనం క్లబ్‌హౌస్‌లోకి వస్తున్నారు. మొదటి ట్రే మూత తీశారు, పసుపు. రెండోది పసుపు. మూడోది తీస్తూ లక్ష్మి ఆంటీ ఆగిపోయింది.

"మీరూ పులిహోరేనా?"

"మెయిల్‌లో అదే వచ్చిందండీ. మీరు?"

"మాకూ అదే!"

పదో మూత కూడా పసుపే. ఫోన్‌లో కోడ్ తెరిచి చూసుకున్నాను. ఒంటరి సమానం గుర్తు నా మొహంలోకి చూస్తోంది. అప్పుడే తలుపు తెరుచుకుని వసంత ఆంటీ లోపలికి వచ్చింది, మంచి పట్టుచీర కట్టుకుని, పైన లావు జాకెట్ వేసుకుని. "పొద్దుట కాఫీ కూడా తాగలేదర్రా, ఆకలి దంచేస్తోంది" అంటూ బల్ల వైపు నడిచింది. నేను బాత్రూం వైపు నడిచాను.

కాసేపటికి మమత తలుపు కొట్టింది.

"ఉషా, బయటికి రా. ఆంటీ పిలుస్తుంది."

"కోపంగా ఉన్నారా?"

"నీకెట్ల చెప్పాల్నో నాకే తెలుస్తలేదు. నువ్వే వచ్చి చూడు."

వచ్చి చూశాను. వసంత ఆంటీ కుర్చీలో కూర్చుని ఉంది. ముందు విస్తరాకంత పెద్ద ప్లేటు. ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళు వరసలో నిలబడి తలో చెంచా వడ్డిస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుంటోంది.

"ఇది ఆవ పెట్టింది. లక్ష్మిది. అవునా?" అందరూ చప్పట్లు. "ఇందులో నువ్వులపొడి ఉంది. నర్సింగరావు గారింటిది. ఇది అల్లం వేసిన మాగాయ కారంలా ఉంది... చింతపండు కాదు, మామిడికాయ. సుజాతా, నువ్వేనా? ఇది బెల్లం ఎక్కువైన చెయ్యి, పద్మది." ఒక్కటి తప్పలేదు. వడ్డించినవాళ్ళు కొందరు నవ్వుతున్నారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒకటే వంట చెయ్యమంటే ముప్పై ఒక్క వంటలు వచ్చాయి. రెండు సమానం గుర్తులు వేసి పోల్చి చూసినా ఏ రెండూ ఒకటి కావు.

చివర నా ట్రే. నేనే చెంచాతో వడ్డించాను. ఆవిడ నమిలింది. కళ్ళు తెరిచింది.

"ఉషదే. ఉప్పు లేదు."

హాలంతా గొల్లుమంది. "అదేంటి ఆంటీ, ఎప్పుడూ మీ ఇంట్లో కలిపినట్టే కలిపాను!" అన్నాను ఉక్రోషంగా. వంట మధ్యలో రుచి చూడకూడదని ఆవిడే నేర్పింది కాబట్టి చూడలేదు.

"మా ఇంట్లోనూ నువ్వు ఎప్పుడూ ఉప్పు వెయ్యలేదే పిచ్చిదానా. నువ్వు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేనే వేసి కలిపేదాన్ని."

"చెప్పొచ్చు కదా!"

"బాగా కలిపానని మురిసిపోతూ ఉండేదానివి. ఎందుకు చెప్పడం?"

ఆవిడ పక్కనున్న ఉప్పు డబ్బా అందుకుని, నా ట్రేలో చల్లి, చేత్తోనే కలిపి, మళ్ళీ వడ్డించమంది. రెండు సార్లు వడ్డించుకుంది. నేను చూసినంతలో ఆ ఒక్కరోజే, కూర్చుని, కడుపునిండా తింది.

మూడో రోజు విమానం ఎక్కింది. మమత ఇప్పుడు ఎడిసన్‌లో ఉంది, ఉల్లిపాయలు తరగనని భీష్మించుకుని వంటమనిషిని పెట్టుకుంది. నేను రెడ్‌మండ్‌లో కోడ్ రాస్తూ బతుకుతున్నాను. ఆంటీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అక్కడ ఆదివారం ఎవరూ రారట. అంకుల్‌కీ తనకీ వండుకుని, ఇద్దరూ కూర్చునే తింటున్నారట. ఆ మాట విన్నప్పుడు నాకు సంతోషం వేసి ఉండాల్సింది. ఆదివారం పదకొండున్నర అయ్యేసరికి నాకు ఇప్పటికీ బూట్లు వేసుకుని బయల్దేరాలనిపిస్తుంది. ఎక్కడికని గుర్తొచ్చి, మళ్ళీ విప్పేస్తాను. నా చేత్తో వేసుకున్న ఉప్పు ఏనాడూ సరిపోలేదు.

కనుక, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, నా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అడగాల్సిన చోట ఆజ్ఞలు వెయ్యను. ఫోన్ చేసినవాళ్ళని ఏం జరిగిందో అడుగుతాను. తెలిసిన పాఠమే కదా అని చీరలు చూడను. నేను బతికుండగా నా కోడ్‌లో అలాంటి చోట ఒంటరి సమానం గుర్తు కనిపించదు.

వసంత ఆంటీ ఈ ఊరు వస్తానంటే మాత్రం, ఆ పాత ప్రోగ్రాం సరిదిద్ది దాచే ఉంచాను. రెండు గుర్తుల్లో ఒకటి చెరిపేసి, నాకు తెలిసిన ఇళ్ళన్నిటికీ మెయిల్ కొడతాను. నా ట్రే కూడా తీసుకెళ్తాను. ఉప్పు మాత్రం నేను వెయ్యను.