చల్లారని ఇంజను

మొన్న కర్నూలులో నా స్కూటరు టకటకమంటోందని షెడ్డుకు తోలుకుపోతే, మెకానిక్ ఇంజను పైమూత విప్పి, చల్లారేదాకా గంటసేపు ఆగాలన్నాడు. కాగిన ఆయిలు వాసన గుప్పుమంది. ఇంజను చల్లారే లోపల నేను వేడెక్కే రకాన్ని. స్టూలు వేసినా కూర్చోక షెడ్డంతా తిరుగుతూ ఉన్నాను.

మైదుకూరు దగ్గర మా ఎర్రగడ్డల చేలో, బావి గట్టు మీద నాయన డీజిలింజనుదీ అదే వాసన. దాని మూత కింద రెండు ఇనుప చేతులు వాల్వులను నొక్కుతూ ఉండేవి. చేతికీ వాల్వుకూ నడుమ గడ్డం బ్లేడు దూరేంత సందు ఉండాలి, అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూసి బిగించాలి. పార పట్టీ పట్టీ కాయలు కాసిన నాయన చేతులకు వేడి తెలిసేది కాదు గనుక, ఇంజను చల్లారిందో లేదో చెప్పే పని నా అరచేతిది. సందు దొరికితే ఆటకు పరిగెత్తే నాకు ఆ సందు పని అప్పగించడం ఆయన అమాయకత్వం.

ఒక ఉగాదినాడు, ఉల్లిగడ్డ ఊరే అదునులో, ఇంజను టకటక మొదలుపెట్టింది. నాయన దాన్ని ఆపి, మూత విప్పి, నీడలో కూర్చున్నాడు. ఇంట్లో అమ్మ నెయ్యి వేసి ఓళిగలు కాలుస్తోందని నా ముక్కుకూ, పెద్దమ్మ కూతుళ్లు నేను లేకుండానే కుంటిబిళ్ల ఆడుతున్నారని నా కాళ్లకూ ఎవరో చెప్పినట్టే ఉంది.

"సూడు పాపా, సల్లబడిండాదా?"

చెయ్యి చుర్రుమంది. "సల్లబడిండాది నాయనా" అని, ఆ చేతిని లంగా మడతల్లో దాచుకున్నాను. ఆయన బ్లేడు పెట్టి బిగించాడు. ఇంటికి పోయి ఎడమచేత్తో ఓళిగ తిన్నందుకు అమ్మ చేత తిట్లు కూడా తిన్నాను.

మర్నాడు హ్యాండిలు తిప్పితే బొంగరంలా తేలిగ్గా తిరిగిందే తప్ప ఇంజను అందుకోలేదు. మడులు బీటలు వారుతుంటే, మెకానిక్ ఖాదర్ మామ నాలుగో రోజుకు వచ్చి మూత తీశాడు. వేడికి పెరిగిన సందులో బ్లేడు పెట్టి బిగిస్తే, చల్లారాక సందే మిగలలేదట. వాల్వు మూసుకోక లోపల గాలి నిలవడం లేదట.

"వేడి మిందనే బిగించినావా యేమప్పా?"

నాయన నా వైపు చూశాడు. పండగనాటి ఎడమచెయ్యి గుర్తొచ్చిందేమో.

"నా చేతులకేం తెలుస్తాది ఖాదరూ, మొద్దుబారి పోయినాయి."

తడి ఆలస్యమై ఆ ఏడు గడ్డలు సన్నగా దిగాయి. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది. నాయన లేడు. బోరు అడుగున ఎక్కడో మోటారు తిరుగుతుంది, దాన్ని తాకి చూసే పని ఎవరి పిల్లలకూ లేదు.

గంట కాకముందే, నా తిరుగుడు చూసి కాబోలు, మెకానిక్ స్పానరు అందుకున్నాడు. "సల్లబడింటాదిలే అక్కా, బిగించేదా?"

ఇంజను మీద అరచెయ్యి పెట్టాను.

"లేదప్పా, ఇంకా వేడిగానే ఉండాది" అని, స్టూలు లాక్కుని కూర్చున్నాను.