రోజుకు ఆరు చొప్పున

పోయిన వాటి లెక్క ముందు చెబుతాను. తెల్లవారుజామున చదివే ఫజర్ నమాజులు ఆరు వేల తొమ్మిది వందల నలభై. మధ్యాహ్నపు జుహర్ అన్నే. అసర్, మగ్రిబ్, ఇషా కూడా ఒక్కోటి అన్నే. ఇషా తర్వాత చదివే విత్ర్ కూడా అన్నే. అన్నీ కలిపితే నలభై ఒక్క వేల ఆరు వందల నలభై. పదిహేనేళ్ల వయసు నుంచి ముప్పై నాలుగు దాకా, పందొమ్మిదేళ్లలో నేను చదవకుండా వదిలేసిన నమాజులు ఇవి. వేళకు చదవని నమాజు మాఫీ అయిపోదు, మన మీద బాకీగా నిలుస్తుంది. దాన్ని ఖజా అంటాం. బతికుండగానే, ఎవరిది వాళ్లే చదివి తీర్చుకోవాలి.

ఈ లెక్క నేను వేసుకున్నది మా అబ్బా చనిపోయిన వారంలో. అబ్బా చెన్నూరులో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. శవాన్ని మోసే జనాజా ఎత్తే ముందు మాలో ఒక రివాజు ఉంది. కొడుకు నలుగురి ముందు నిలబడి, పోయినవాళ్లు ఎవరికైనా బాకీ ఉంటే తనను అడగమని చెప్పాలి. నేను చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. లోపలికి వెళితే అమ్మీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎవరన్న అడిగిండ్రా బేటా?"

"ఎవరు అడగలే అమ్మీ."

"అడగరు. పైసల బాకీ ఎన్నడు పెట్టుకోలే. నమాజుల బాకీ గూడ పోయిన రంజాన్లనే తీరిపోయింది. హల్కాగ పోయిండు మీ అబ్బా."

నమాజుల బాకీ సంగతి నేను వినడం అదే మొదటిసారి. అబ్బా ప్రతి నమాజు తర్వాత ఇంకొకటి చదువుతుంటే, ముసలాయన కదా, ఆలస్యం అవుతుంది అనుకునేవాణ్ణి. బస్సు పోతుందని బయట నిలబడి విసుక్కునేవాణ్ణి. వయసులో వదిలేసినవి ఆయన ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాడని నాకు తెలియదు.

నేను మంచిర్యాలలో ఒక కోత మిషన్ దగ్గర మున్షీని. చదివింది ఏడో తరగతి. కర్ర కొలత అంతా అక్కడే చూసి నేర్చుకున్నాను. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తే ఎన్ని ఘనపుటడుగులో వస్తుంది. కాగితం లేకుండా నోటితో చెబుతాను. వేరేవాళ్ల కర్ర వేలెడు తేడా రాకుండా కొలిచే మనిషిని, నా సొంత లెక్క ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ రోజు నాకు ఒకటే అనిపించింది. అమ్మీ అబ్బా గురించి అన్న మాట, నా జనాజా రోజున నా భార్య నా గురించి అనగలగాలి. ఏ బాకీ బరువూ లేదు, హల్కాగ పోయిండు అని.

లెక్క వేసేటప్పుడు ఆమె పక్కనే కూర్చుని బీడీలు చేస్తోంది. ఇంట్లో మేం ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుకుంటాం.

"శుక్రవారం జుహర్లు తీసెయ్యాలె" అన్నాను. "ఆ మధ్యాన్నం మస్జిదుకు, జుమ్మాకు పోయేటోణ్ణి గద."

"అన్ని జుమ్మాలకు పోయినవా?"

"దాదాపు."

ఆమె చేతిలో ఆకు చుట్టడం ఆగలేదు. "శుక్రవారమే గద కొత్త సినిమా వచ్చేది. అత్తరు రాసుకోని బయటికెళ్లి, టాకీసుకు పోయినయి నాకు తెల్వదా? గవి గూడ తీసేస్తవా?"

ఒక్క జుమ్మా కూడా తీసేయలేదు. నలభై ఒక్క వేల ఆరు వందల నలభై అలాగే ఉంచాను. ఎక్కడా రాసుకోలేదు. బీడీల కట్టలు లెక్కపెట్టి లెక్కపెట్టి ఆమె తల కూడా నాలాంటిదే. ప్రతి శుక్రవారం జుమ్మాకు పోయే ముందు అంకె ఆమెకు చెబుతాను, ఆమె తిరిగి చెబుతుంది. రెండు తలల్లో ఉంటే పోదు.

పద్ధతి సులువైనది. ఏ వేళ నమాజు ఆ వేళకు చదివి, దాని వెంట పాతది ఒకటి చదవాలి. రోజుకు ఆరు తీరుతాయి. పందొమ్మిదేళ్లలో పోగొట్టుకున్నది పందొమ్మిదేళ్లలో తీరుతుంది. సేటు మంచివాడు. దుంగల వెనక నమాజు చాప, జానమాజ్, పరుచుకోవడానికి జాగా చూపించాడు. "మున్షీ, నువ్వు నిలబడ్డప్పుడు మిషన్ ఆపాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. రంపం చప్పుడుకు నేను అలవాటు పడిపోయాను.

మొదటి ఏడాది ఒక్క రోజు తప్పలేదు. చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టేసినప్పుడు మంచం మీద కూర్చునే ఆ రోజువి ఆరు, పాతవి ఆరు, పన్నెండూ చదివాను. ఏడాది నిండిన రోజు చెన్నూరు పోయి అమ్మీకి చెప్పాను. ఏడాదిది తీరింది, ముప్పై తొమ్మిది వేల నాలుగు వందల యాభైకి దిగింది అని.

అమ్మీ మురిసిపోయింది. తర్వాత అడిగింది. "ఏ వయసు కాంచి లెక్క వేసినవ్?"

"పదిహేను నిండినప్పటి సంది. సర్టిఫికెట్ చూసి వేసిన."

"సర్టిఫికెటా? అది పంతులు రాసింది బేటా. నువ్వు బక్కగున్నవని ఒక ఏడు తగ్గించి రాసిండు. నీ అసలు వయసు ఒక ఏడు ఎక్కువ."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

ఒక ఏడు అంటే రెండు వేల నూట తొంభై. ఏడాదంతా నిలబడి, వంగి తీర్చింది సరిగ్గా అంతే. తిరుగు బస్సులో కూడి చూశాను. మళ్లీ నలభై ఒక్క వేల ఆరు వందల నలభై. ఇంటికొచ్చి అంకె చెబితే నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. సర్టిఫికెట్ మీద ఉన్నది నమ్మి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ అమ్మీ మాట తెలిశాక తక్కువ లెక్క పెట్టుకుని ఎవరి ముందు నిలబడాలి? కలుపుకున్నాను.

అసలు దెబ్బ నాలుగో ఏట తగిలింది. నాకు నోటి దురుసు. పనిలో చిన్న తేడా వస్తే అవతలివాడి తల్లిదాకా పోయేవాణ్ణి. దీనివల్లే అంతకు ముందు రెండు మిషన్ల దగ్గర పని పోయింది. ఆ రోజు ఒక హమాలీ టేకు దుంగను నాసిరకం వరసలో దించాడు. పదిమందిలో నానా మాటలు అన్నాను. వెంటనే జుహర్ వేళ అయితే ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని నమాజుకు నిలబడ్డాను. ముగించి తల తిప్పేసరికి మా కోత పనివాడు, నాకంటే పెద్దాయన, రంపపు పొట్టు దులుపుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయనను అన్నా అని పిలుస్తాను.

"తమ్మీ, లెక్క ఎందాక వచ్చింది?"

"ముప్పై ఏడు వేల చిల్లర, అన్నా."

"మంచిగనే తగ్గుతుంది. మరి నీ నోరు సంగతేంది? అది జర గూడ తగ్గలే. దానికి లెక్క పెట్టలేదా?"

హమాలీలు పగలబడి నవ్వారు. నేను తిట్టిన మనిషి మాత్రం నవ్వలేదు. మడిచిన జానమాజ్ చంకలో పెట్టుకుని దుంగల దగ్గరికి పోయాను. ఆ మాట నిజం. అంకె దిగుతోంది, మనిషిని నేను అలాగే ఉన్నాను. సాయంత్రం ఇంటికి పోయే దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ రోజైతే నా నోట తిట్టు వస్తుందో, ఆ రోజు చదివిన ఆరు ఖజాలూ బాకీలోంచి తీసెయ్యను. ఆ హమాలీని మర్నాడు పిలిచి టీ తాగించాను.

మస్జిద్ ఇమాం సాబ్‌కు చెబితే ఆయన గడ్డం నిమురుకుని నవ్వారు. "షరియత్ ప్రకారం చదివింది చదివినట్టే, తీరింది తీరినట్టే. నువ్వు మళ్ల చదివేది నఫిల్ కింద, అదనపు నమాజు కింద పోతది."

"అల్లా దగ్గర ఎట్ల రాసుకుంటే అట్ల కానీ హజ్రత్. నా దగ్గర మాత్రం బాకీనే."

"ఇది నీ మీద నువ్వు వేసుకున్న జుర్మానా అన్నట్టు. వేసుకో. ఎవరికి నష్టం?"

సాక్షులు ఇద్దరు. మిషన్ దగ్గర అన్న, ఇంట్లో ఆమె. "ఇంట్ల తిట్టినా లెక్కనే" అని ఆమె మొదటి రోజే షరతు పెట్టింది. ఈ జుర్మానా పెట్టుకున్న మొదటి ఏడాది నూట ముప్పై ఒక్క రోజులు పోయాయి. రెండో ఏడాది నూట నాలుగు. ఆరు ఖజాలంటే ఇరవై రకాతులు, ఇరవై సార్లు నిలబడి, వంగి, సజ్దా చేసి లేవడం. కోపం వస్తే ముందు నా మోకాళ్లకు తెలిసేది. నాలుక మీదికి వచ్చిన మాటకూ నోటికీ మధ్య ఆ ఇరవై రకాతులు అడ్డం నిలబడేవి. మొదట భయంతో ఆగాను. తర్వాత తర్వాత ఆగాల్సిన పని కూడా తగ్గింది. నిరుడు మొత్తంలో నాలుగు రోజులే పోయాయి. ఈ ఏడాది ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదు.

మొన్న నిర్మల్ వైపు ఇల్లు కడుతున్న ఒకాయన తలుపుల కోసం టేకు కొనడానికి వచ్చాడు. ఒక దుంగకు పది ఘనపుటడుగులు అని చెప్పాను.

"తొమ్మిదికి ఎక్కువ రాదు. టేపు వదులు పట్టి కొలుస్తవా ఏంది? ఇన్నేండ్ల సంది గిదే దొంగ లెక్కనా?"

రంపం ఆగిపోయింది. అన్న నా వైపే చూస్తున్నాడు. హమాలీలు కూడా. వెనకటి నేనైతే ఏమనేవాణ్ణో ఆ మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. టేపు కొస ఆయన చేతికే ఇచ్చాను.

"మీరే పట్టుండ్రి సార్."

చుట్టుకొలత నాలుగు అడుగులు. పొడవు పది. నాలుగో వంతు ఒకటి, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే, పదితో గుణిస్తే పది. ఆయన రెండుసార్లు చూసుకుని "సరే, ఎత్తించుండ్రి" అన్నాడు. దొంగ లెక్క అన్నందుకు మాఫీ అడగలేదు. నేనూ ఆశించలేదు.

బండి పోయాక అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. "తమ్మీ, గియ్యాల ఆరు దక్కినయ్ నీకు."

"నువ్వు మిషన్ ఆపి తమాషా చూసుడు చూసి నిన్ను గూడ తిట్టబుద్ధయింది అన్నా."

"తిట్టకపోతివి?"

"మోకాళ్లు వద్దన్నయ్."

ఆయన పడి పడి నవ్వాడు. మా అబ్బా బాకీ లేకుండా పోయాడని విన్న రోజు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు. అది ఆయన సంపాదన. ఇది నాది.

నేను ఖజాలు మొదలుపెట్టి ఈ శుక్రవారానికి పందొమ్మిదేళ్లు నిండాయి. మొదట వేసుకున్న లెక్కే అయితే నా బాకీ ఈ రోజుతో తీరిపోవాలి. కానీ అమ్మీ కలిపిన ఏడాది ఉంది, రెండు వేల నూట తొంభై. నా నోరు కలిపిన నాలుగు వందల ముప్పై ఏడు రోజులున్నాయి, వాటికి రెండు వేల ఆరు వందల ఇరవై రెండు. అత్తరు రాసుకుని గడప దగ్గర నిలబడి, జుమ్మాకు పోయే ముందు నా భార్యకు అంకె చెప్పాను. ఆమె బీడీల చాట పక్కకు పెట్టి, ఒక్క అంకె తేడా లేకుండా తిరిగి చెప్పింది.

నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు.