పలకొద్దు పెదనాయనా

నిన్న గిద్దలూరు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఫోనులో రికార్డు గొంతు ఏదేదో అడుగుతుంటే ఒక్క మాటైనా పలకకుండా అంకెలు నొక్కుతూ పోవడం చూసి, ఒంగోలులో నా తొలి ఉద్యోగపు రోజులు జ్ఞాపకం వచ్చాయి. కొత్త ఉద్యోగంలో నోరు విప్పడానికి జంకినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. నేను గుండె స్కానింగ్ తీసే గదిలో చేరాను. పనిలో నాకు బెరుకు లేదు కానీ, నా యాసకు ఎవరైనా నవ్వుతారేమోనని, రోగులకు చెప్పాల్సినవన్నీ యంత్రంలోని రికార్డు గొంతుకే వదిలేసి అద్దానికి ఇవతల కూర్చునేదాన్ని.

ఒకనాడు కొనకనమిట్ల వైపునుంచి ఒక రైతు తన భార్యతో వచ్చాడు. చుట్టరికం లేకపోయినా మా వైపు అలవాటు కొద్దీ నాకాయన పెదనాయన. ఆయన గుండె నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. ఆ అడ్డు ఎంత పొడవుందో, ఎంత గట్టిపడిందో తేటగా కనిపిస్తే, సన్నని తీగ పంపి స్టెంటు వేయవచ్చో, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలో డాక్టరు తేలుస్తారు. బొమ్మ చెదరకూడదంటే ఊపిరి బిగబట్టాలి. పైగా ఆయన కిడ్నీలు అంతంతమాత్రం కనుక, నాళాలు కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు ఒక్కసారికి మించి ఇవ్వకూడదు.

అందుకని ముందు మందు లేకుండా అలవాటు చేయించాం. రికార్డు గొంతు ఊపిరి తీసుకుని ఆపమనగానే ఆయన “అట్లనే తల్లీ” అన్నాడు. ఊపిరి కాస్తా పోయింది. మళ్లీ చేయిస్తే, “పట్టినానమ్మా” అన్నాడు. ఎవరైనా మాట్లాడితే బదులు చెప్పకపోవడం మా వైపు మర్యాద కాదు. ఇట్లయితే మందు ఎక్కించలేమని డాక్టరు చెప్పేశారు.

గుమ్మం దగ్గరున్న ఆయన భార్య విని, “ఏందమ్మా, పలకకుండా ఉంటే చాలునా? నా మింద అలిగినాడంటే పొద్దుగూకులు పిలిచినా పలకడు. ఆ బింకమేదో ఈడ చూపీమను” అన్నది.

నేను రికార్డు గొంతును ఆపి, మొదటిసారి మైకు నొక్కాను.

“పెదనాయనా, నేను గిద్దలూరు పిల్లను. పెద్దమ్మ మింద అలిగినట్ల నా మింద అలుగు. చెప్పింది చెయ్యి, పలకొద్దు.”

“చెప్పేసినాదా నీకు?” అని నవ్వి, వెంటనే మూతి ముడుచుకున్నాడు. ఈసారి నేను ఊపిరి పట్టమంటే పట్టాడు; పలకలేదు. మందు ఎక్కించి మళ్లీ చెప్పాను. అప్పుడూ అంతే, పిలిచినా పలకని మొండి మనిషిలా పడుకున్నాడు. బొమ్మలు గీత గీసినట్టు వచ్చాయి. అడ్డు పొట్టిదే, తీగ పోతుంది, ఛాతీ తెరవనక్కరలేదన్నారు డాక్టరు. ఆ మాట అద్దం అవతలికి చెప్పింది కూడా నేనే.

ఆనాటినుంచి మైకులో నా గొంతే, నా యాసే. ఇప్పుడొచ్చేవాళ్లు అన్నీ తెలిసే వస్తారు, చెప్పగానే ఊపిరి పడతారు, బొమ్మలూ మొదటిసారికే తేటగా వస్తాయి. అంతకన్నా కావలసిందేముంది? అయినా మాట పూర్తిచేశాక, అటునుంచి ఎవరైనా “అట్లనే తల్లీ” అంటారేమోనని ఒక్క క్షణం ఆగుతాను. ఎవరూ అనరు. స్కానింగ్ మీట నొక్కుతాను.