చిన్నమ్మ చేన్లో దొరికిన కెంపు

మా చిన్నమ్మ చేన్లో కెంపులున్నాయని ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ మాట నమ్మి ఇంకెవరో గడ్డపార పట్టకముందే జరిగింది రాసిపెడుతున్నాను.

మా వైపు తొలివాన పడగానే జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. ఆ ఏడు చిన్నమ్మకు కందిపప్పు బేడంత ఎర్రరాయి దొరికింది. ఒక పక్క నున్నగా ఉబ్బి, ఇంకో పక్క చదునుగా ఉంది. ఆమె విత్తనానికి మాట్లాడిన ట్రాక్టరును వద్దని, తవ్వడానికి కూలీలను పిలిచింది. నేలలో విత్తే తడి, పదును, మహా అంటే రెండు రోజులు నిలుస్తుంది. అది ఆరితే ఆ ఏటికి వేరుశనగ లేదు.

పదో తరగతితో బడి మానేసినా, గుంతకల్లు గ్రంథాలయంలో రాళ్ల మీద ఉన్న ప్రతి పుస్తకం చదివాను నేను. కంసాలి దగ్గర భూతద్దం తెచ్చి చూశాను. రాయి లోపల సన్నని సూదుల్లాంటి గీతలు. నిజమైన కెంపే. ఏ దేశపు గనిదో తేల్చాలంటే పెద్ద పరికరాలు కావాలి. మా చేనిది కాదని తేల్చడానికి తిప్పి చూస్తే చాలు. చదును వైపు చిన్న గుంటలో నల్లగా ఏదో అంటుకుని ఉంది. కాల్చిన సూది తాకిస్తే లక్క వాసన వచ్చింది, నగల్లో రాయి కింద కంసాలి నింపే లక్క.

"చిన్నమ్మా, ఇది ఈ చేన్లో పుట్టింది కాదు. ఎవరి చెవికమ్మలోనిదో."

"నాలుగు పుస్తకాలు చదివి భూమికే పాఠం చెప్తాండావా."

"భూమిలో లక్క యాడుంటాది?"

"మరి కమ్మలో రాయి ఈడికెట్లొచ్చె? నడుచుకుంటా వచ్చెనా?"

ఆ ప్రశ్న నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అరుగు మీద విత్తనకాయలు వొలుస్తున్న చిన్నమ్మ అత్త, మేం అవ్వా అని పిలిచే ఆమె, రాయి అడిగి తీసుకుంది. "నా కమ్మలో రాయి పడిపోయి పదేండ్లాయ. ఇల్లంతా ఊడ్చి ఊడ్చి వెతికితిమి."

"ఊడ్చిన కసువు యాడేస్తిమి?" అంది చిన్నమ్మ నెమ్మదిగా.

"ఇంగ యాడేస్తాం, దిబ్బలో."

ఆ పేడదిబ్బనే ఏటా ఎండాకాలం చేనుకు ఎరువుగా తోలుతారు. అవ్వ పెట్టె తెరిచి కమ్మ తెచ్చింది. ఖాళీ గూట్లో రాయి సరిగ్గా కూర్చుంది.

చిన్నమ్మ అది చూసి, "తవ్వింది చాలు. ట్రాక్టరాయనకు ఫోన్ చెయ్యప్పా" అంది. మరునాడు పొద్దున పదునులోనే విత్తనం పడింది.

బయటికివ్వకూడని పుస్తకాన్ని ఇంటికిచ్చిన గ్రంథపాలకుడికి, భూతద్దమిచ్చిన కంసాలికి, రాయి లేని కమ్మను పారేయని అవ్వకు నా కృతజ్ఞతలు. నేను ఎక్కడా చదవని ప్రశ్న అడిగినందుకు చిన్నమ్మకు కూడా.