నా చేతులతో అతికిన చాసిస్

నాకు థైరాయిడ్ ఉందని తేలిన రోజు సాయంత్రం మా వీధిలో నాలుగిళ్లకు జిలేబీ పంచాను. ఎదురింటి అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని అడిగింది.

"ఏం సంగతే, ఏం శుభం?"

"థైరాయిడ్ వచ్చిందక్కా."

ఆమె జిలేబీ నమలడం ఆపి నా ముఖం చూసింది. ఆమె తప్పేం లేదు. నా సంతోషం అర్థం కావాలంటే ఆ ఎండాకాలం అంతా చెప్పాలి. ఒక బొమ్మకారు గురించి కూడా చెప్పాలి.

మా ఆయనకు వనపర్తిలో మోటారు వైండింగ్ దుకాణం ఉంది. బోరు మోటార్లు కాలిపోయి వస్తే విప్పి, పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాం. పెళ్లయిన మరుసటి ఏడాది నుంచీ కాయిళ్లు చుట్టేది నేనే. నేను పుట్టింది గద్వాలలో, మగ్గాల ఇంట్లో. చిన్నప్పటి నుంచీ నూలు చుట్టిన చేతులు కాబట్టి రాగితీగ చుట్టడం నాకు తొందరగానే పట్టుబడింది.

ఒకరోజు మా దుకాణానికి బొటనవేలంత మోటారు ఒకటి వచ్చింది. తెచ్చినాయన మా ఆయనకు పాత స్నేహితుడు, వయసులో పెద్ద. నేను అన్నా అని పిలుస్తాను. బెంగళూరులో చాలాకాలం పనిచేసి, తిమ్మాజిపేట దగ్గరున్న తన పొలానికి తిరిగొచ్చాడు. అక్కడ ఆయనకు పాత కోళ్లషెడ్డు ఒకటి ఉంది. బెంగళూరులో మూతపడిన ఓ ఆటల సెంటరు నుంచి బొమ్మకార్ల ట్రాక్‌ని ముక్కలుగా విప్పుకొచ్చి, కోళ్లు లేని ఆ షెడ్డులో బిగించాడు.

"జర దీన్ని చుట్టిస్తవా చెల్లె? ఇసొంటి కొత్తది యాడ దొరుకుతలేదు" అన్నాడు.

వెంట్రుకలాంటి తీగతో దాన్ని చుట్టి ఇచ్చాను. అది తిరిగింది. ఎలా తిరుగుతోందో చూద్దామని మరుసటి ఆదివారం మా ఆయనతో కలిసి షెడ్డుకు వెళ్లాను. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

షెడ్డు పొడవునా చెక్కతో చేసిన మెలికల దారి. దాని మీద పక్కపక్కన సన్నని గాడులు. ఒక్కో గాడికి రెండు వైపులా కరెంటు పట్టీలు. కారు ముక్కు కింద నాలుకలాంటి ముక్క ఒకటి గాడిలోకి దిగుతుంది. దానికి అటూ ఇటూ ఉన్న రాగి జడలు పట్టీలను రాసుకుంటూ కరెంటు తీసుకుంటాయి. స్టీరింగ్ ఉండదు. చేతిలో మీట ఎంత నొక్కితే కారు అంత వేగం. మలుపులో ఆశపడి ఎక్కువ నొక్కితే గాడి వదిలి ఎగిరి గోడకు కొట్టుకుంటుంది. ఫోటో స్టూడియో వాళ్లు, సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే ఒక లెక్కల సారు, ఇలా ఓ పదిమంది చేరేవాళ్లు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో నాకు కుర్చీ వేసి టీ ఇచ్చేవాళ్లు. కారు నడపడం మొదలుపెట్టాక కుర్చీ వేయడం మానేశారు. అది నాకు నచ్చింది.

వానలు పడేముందు ఏడాదికోసారి అక్కడ ఒక పందెం ఉంటుంది. ఆ రోజు కొన్న కార్లు నడవవు. మోటారు, టైర్లు, పైన ప్లాస్టిక్ బాడీ కొనుక్కోవచ్చు కానీ, వాటన్నిటినీ మోసే చాసిస్ మాత్రం ఎవరికి వాళ్లు కోసి, వంచి, అతికి చేసుకోవాలి. ఆ ఏడు నేనూ దిగుతానన్నాను.

ఇత్తడి పట్టీలు మా దుకాణంలోని పాత మెయిన్ స్విచ్‌ల తుక్కులో దొరికాయి. సైకిలు షాపు నుంచి చక్రం పుల్లలు తెచ్చాను. నడుమ వెన్నెముకలా రెండు ఉక్కు పుల్లలు. ముందు, గాడిలో దిగే నాలుకను పట్టుకునే ఇత్తడి ముక్క. వెనక మోటారు కూర్చునే అర, ఇరుసు తిరిగే గొట్టం. పక్కలకు బరువు కోసం రెండు రేకులు. ఆ రేకులను గట్టిగా అతికితే కారు మలుపులో కట్టెలా బిగుసుకుని జారుతుంది. సన్నని గొట్టంలో తీగ దూర్చి కొంచెం ఆడేలా వదిలేస్తే కుదుపునంతా అవే మింగేస్తాయి. ఇదంతా ఫోన్లో వీడియోలు చూసి, అన్న కార్లను తిరగేసి చూసి నేర్చుకున్నాను. దుకాణం వెనక సిమెంటు రేకు ముక్క మీద సన్న మేకులు కొట్టి, వాటి మధ్య పుల్లలను ఇరికించి అతకడం మొదలుపెట్టాను.

అప్పుడే చూశాను. సోల్డరింగ్ ఐరన్ మొన నా చేతిలో వణుకుతోంది.

అతుకు అంటే ఇంతే. లోహం వేడెక్కాలి, సోల్డర్, అంటే అతికే సీసం, కరిగి నీళ్లలా పాకాలి, చల్లారేదాకా ఏదీ కదలకూడదు. కదిలితే అతుకు మసకబారి ఇసకపలుకుల్లా గడ్డకడుతుంది. పైకి పట్టుకున్నట్టే ఉంటుంది, దెబ్బ తగిలితే ఊడుతుంది. నావన్నీ అలాగే వచ్చాయి. టీ ఎక్కువైందనుకుని టీ మానేశాను. ఎండ అనుకుని పొద్దున్నే కూర్చున్నాను. వణుకు తగ్గలేదు. కాయిళ్లు చుడుతుంటే చుట్లు ఒకదాని మీద ఒకటి పడసాగాయి.

మా నాయిన చేతులు గుర్తొచ్చాయి. ఆయన గద్వాల చీరలు నేసేవాడు. పట్టు అంచునూ నూలు ఒంటినీ పోగు పోగు కలిపి నేసే చేతులు. యాభై దాటాక ఆ చేతులు వణకడం మొదలైంది. మగ్గం దిగి అరుగు మీద కూర్చుంటే, మోకాలి మీద కుడిచేతి వేళ్లు వాటంతట అవే కదిలేవి, కనపడని నూలును పురిపెడుతున్నట్టు. కర్నూలు డాక్టర్లు నరాల జబ్బన్నారు. తర్వాత తర్వాత గ్లాసు పట్టుకోలేకపోయాడు, గుండీ పెట్టుకోలేకపోయాడు. అన్నం మా అమ్మ తినిపించేది. అప్పట్లో నేను కాన్పుకని పుట్టింటికి వెళ్లి, ఒకే పూట ఇటు పసిబిడ్డకూ అటు నాయినకూ నోరు తుడిచిన రోజులున్నాయి.

అందుకే ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. చీర కుచ్చెళ్లు వదులైపోతున్నాయని, మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందని, తెల్లవారుజామున అందరూ ఫ్యాను తగ్గించమంటుంటే నాకు చెమటలు పోస్తున్నాయని తెలుస్తూనే ఉంది. వాటిని ఒకచోట పెట్టి చూసుకునే ధైర్యం లేకపోయింది. ఐరన్ తీసుకోవడం, అతకడం, ఊడగొట్టడం, మళ్లీ అతకడం. అతుకు ఒక్కటైనా తళతళా మెరిస్తే నాకేం లేదనుకుందామని చూశాను.

ఒక మధ్యాహ్నం మా ఆయన వెనక నుంచి వచ్చి చాసిస్ చేతిలోకి తీసుకున్నాడు. ముందు ముక్కను వేలితో అలా అన్నాడో లేదో అది ఊడి కింద పడింది.

"ఏందే ఇది, గిట్ల గడ్డలు గడ్డలు పెట్టినవ్? ఎన్నడూ గిట్ల చెయ్యవు గదా."

నవ్వుతూనే అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ఐరన్ ప్లగ్గు పీకి, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమైంది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

నేను రెండు చేతులూ ఆయన ముందు చాపాను. ఆయన వాటిని పట్టుకుని చూశాడు.

"ఎన్నొద్దుల నుంచి?"

"ఉగాది పోయినంక నుంచి. మా నాయినకు అయినట్లే అయితుంది నాకు."

"నీకు నువ్వే డాక్టర్‌వా? నాకెందుకు చెప్పలే?"

"భయమైంది."

ఆయన లేచి షట్టర్ సగం దించాడు.

"నడు, దవాఖానకు పోదాం."

"పందెం అయినంక పోదాం తియ్."

"పందెం గిందెం తర్వాత. లే."

దవాఖానలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మా నాయిన సంగతి నేను చెప్పినంతసేపూ ఓపిగ్గా విన్నది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోమంది. మా పిల్లల చదువుల గురించి, దుకాణం గురించి అడుగుతూ నా చేతులే చూస్తోంది. ఆ తర్వాత చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచింది. కాగితం ఫ్యాను గాలి తగిలినట్టు అదిరింది. ఫ్యాను ఆపించింది. అయినా అదిరింది. నేను కళ్లు మూసుకున్నాను.

"మీ నాయినకు ఊరికె కూర్చున్నప్పుడు వణికేవి కదమ్మా?"

"అవు మేడం. ఊరికె కూసున్నా, మాట్లాడుతున్నా."

"నీకు ఒళ్లో పెట్టుకుంటే వణుకుతలేవు. చాపితేనే వణుకుతున్నయి. అది వేరు, ఇది వేరు. ఈ నీళ్లు తాగు."

నీళ్లు మింగుతుంటే నా గొంతు వైపు చూసింది. మెడ కింద వేళ్లు పెట్టి తడిమింది. నాడి పట్టుకుంది. ఎంత చిక్కావని అడిగింది. నాకన్నా ముందు మా ఆయన, "మస్తు చిక్కింది మేడం, నేను పరేషాన్ అయితున్న" అన్నాడు. ఆయన కూడా గమనించి లోపల్లోపలే పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది.

"నాకైతే థైరాయిడ్ ఎక్కువైనట్లు అనిపిస్తుంది. రక్తం పరీక్ష చేస్తే తెలుస్తది. అదే అయితే మందులకు తగ్గుతది, భయపడకు" అన్నది డాక్టరమ్మ.

మరుసటి రోజు రిపోర్టు వచ్చింది. ఆమె అన్నదే నిజమైంది. కొన్ని నెలలపాటు రోజూ వేసుకోవాల్సిన మందులు రాసింది. అవి పనిచేసేదాకా దడకూ వణుకుకూ ఇంకో చిన్న మాత్ర రాసింది. బయటికొచ్చి మందుల దుకాణం ముందు నిలబడ్డాం. నేను అక్కడున్న మెట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆయన కంగారుపడి, "ఏమైందే?" అన్నాడు.

"ఏం కాలే. ఆకలైతుంది" అన్నాను.

నిజంగానే ఆకలి. ఎదురుగా బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. రెండు ప్లేట్లు తిన్నాను. చెరుకురసం తాగాను. ఇంటికి వెళ్లే దారిలోనే జిలేబీ కట్టించుకున్నాం.

చిన్న మాత్ర వారంలోపే పనిచేసింది. ఒక పొద్దున దుకాణం వెనక కూర్చుని ఐరన్ పట్టుకుంటే మొన చెప్పిన చోట నిలిచింది. పాత అతుకులన్నీ కరిగించేశాను. పుల్లలను గరుకు కాగితంతో మళ్లీ తోమి, మేకుల మధ్య ఇరికించి, ఒక్కొక్కటే అతికాను. సోల్డర్ పుల్ల చుట్టూ పాకి, ఆగి, మెరిసింది. చల్లారాక ఇంట్లోని అద్దం తెచ్చి బల్ల మీద పడుకోబెట్టి, చాసిస్‌ను దాని మీద పెట్టాను. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేవలేదు. మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన నాలుగు మూలలూ నొక్కి చూశాడు, ముందు ముక్కను గట్టిగా పట్టి లాగాడు.

"ఇగ ఇది ఊడది" అన్నాడు.

పందెం రోజు షెడ్డులో ఉక్కపోత. రేకుల మీద ఎండ. నా కారు మొదటి రౌండులో భయంభయంగా నడిచింది, అంటే నేనే భయపడుతూ నడిపాను. రెండోసారి కొంచెం నొక్కాను. మలుపులో పక్కరేకులు టకటకమని ఆడుతూ కారును కిందికి పట్టి ఉంచాయి. మూడో రౌండులో లెక్కల సారు కారు గాడి తప్పి వచ్చి నా కారును అడ్డంగా కొట్టింది. నాది గాల్లో తిరిగి గోడకు తగిలి నేలమీద పడింది. అందరూ "అయ్యో" అన్నారు. అన్న పరుగెత్తి తీసుకొచ్చి, తిరగేసి చూశాడు.

"బాడీ పగిలింది చెల్లె. చాసిస్‌కు ఏం కాలే. ఒక్క అతుకు లేవలే."

బాడీకి టేపు వేసి మళ్లీ గాడిలో పెట్టాం. చివరికి నేను నడిమధ్యలో ఎక్కడో నిలిచాను. గెలిచింది ఫోటో స్టూడియో అతను. లెక్కల సారు వచ్చి క్షమించమని అడిగాడు. కొట్టినందుకు ఆయనకు థ్యాంక్స్ చెప్పాను. ఆయనకు అది వెటకారంలా తోచినట్టుంది, ఇంకోసారి క్షమించమన్నాడు.

ఆ తర్వాతి వారం గద్వాల వెళ్లి అమ్మకు మొత్తం చెప్పాను. అప్పటిదాకా ఫోన్లో ఏమీ చెప్పలేదు. అమ్మ రొట్టె తట్టడం ఆపి, పిండి చేతులతోనే నా చేతులు పట్టుకుంది.

"నేను మీ ఇద్దరి చేతులు సూస్తనే ఉన్న బిడ్డా, మీ నాయిన పోయిన కాడి నుంచి. మీరు చాయ తాగినా సూస్త, అన్నం కలిపినా సూస్త. ఎవరితోని అనలే."

"ఎందుకనలే అమ్మా?"

"అంటే మీకు భయమైతది గదా."

మగ్గం మీదున్న మా తమ్ముడు ఇది విని ఆగిపోయాడు. తనూ రోజూ పొద్దున లేవగానే చేతులు చాపి చూసుకుంటాడట. భార్యకు కూడా చెప్పలేదట. ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. మొదట నవ్వింది అమ్మే. డాక్టరమ్మ అన్న మాటలు వాడు నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఊరికే ఉన్నప్పుడు వణికితే ఒకటి, చాపినప్పుడు వణికితే ఒకటి. తర్వాత అమ్మ పొయ్యి మీద మాడిపోతున్న రొట్టె తీసి పక్కన పడేసి, కొత్త ముద్ద తీసుకుంది. ఆ పూట అందరం కడుపునిండా తిన్నాం.