ఇంటికొక్క గీత

"రోజంతా నిలబడి మందులిచ్చాను ఆయమ్మా. కాగితం మీద జనం ఇంత తక్కువేంటి? గీతలు సరిగ్గానే పెట్టావా?"

"పెట్టక? గీత గీయరాని దాన్నా సిస్టరమ్మా నేను? నీ లెక్క నువ్వు సూస్కో."

శామీర్‌పేట దిక్కు మా ఊరి సర్కారు దవాఖానల, కాన్పులు జేసే సిస్టరమ్మకు నేనిచ్చిన జవాబిది. గా అబద్ధం ఇన్నేండ్ల సంది గొంతుల చేపముల్లు లెక్క ఉన్నది. ఎవలకూ చెప్పలే. ఇయ్యాల మీకు చెప్తున్న.

నేనక్కడ ఆయాను. రెండో తరగతి దాక సదివిన. వచ్చిన మనిషికొక గీత గీసుడు నా పని. నెలాఖరుకు గా గీతలు పెద్దాఫీసుకు పోతయి. జనం తక్కువున్న కాడి సిస్టరును జనం ఎక్కువున్న కాడికి పంపుతరు. నేనేమో రేషన్ కార్డు లెక్కన ఇంటికొక్క గీత గీసిన. తల్లి, అత్త, ఇద్దరు పిల్లలు వచ్చినా ఒక్కటే. కాయితం ఎందుకు ఖరాబు చెయ్యాలె అనుకున్న.

అది తెల్వక చేసింది. ఆఫీసాయన వచ్చి, తలకొక గీత అని చెప్పిపోయినంక ఎందుకు దిద్దుకోలే? ఒక్కసారె గీతలు పెరిగితె ఎందుకు పెరిగినయని అడుగుతరు. సబ్బుముక్క పారేస్తెనే లొల్లి జేసే నాలాంటి ముసల్దానికి గీతలు గీయరాదని ఊరంత నవ్వుతది. నౌకరి పోతదని భయమా? అదీ ఉండె. నిజం చెప్తె, నవ్వుతరనేదే ఎక్కువ. మల్ల ఇంటికొక్కటే గీసుకుంట పోయిన. చెప్దామనుకున్న ప్రతిసారి, చెప్పాల్సింది ఇంకింత పెరిగి ఉండె.

బదిలీ కాయితం వచ్చిన రోజే గా కొట్లాట. లెక్కల తప్పుంటె చెప్పు, మల్ల పంపి ఆపిద్దామని సిస్టరమ్మ బతిమిలాడింది. గీతలన్ని సరిగ్గనే ఉన్నయని మల్లొకపారి అన్న.

చెరువుల చేపలు పట్టే ఎల్లమ్మ కోడలికి అప్పుడు నిండు నెలలు. సిస్టరమ్మ పోయిన వారానికి, కాన్పుకు మేడ్చల్ పోయే తొవ్వల ఆటోలనే కన్నది. పుట్టిన పిల్ల బతకలే. గా కోడలు అత్తతోని నెలనెలా వచ్చేది. ఇద్దరికి కలిపి ఒక్కటే గీత గీసిన.

ఎవలూ నన్ను అడగలే. అడిగితె చెప్తుంటినా? ఏమో. మాఫీ జెయ్యమని మిమ్ముల అడుగుత లేను. మాట బయటికి వచ్చింది, గంతే చాలు.

కొట్లాటైన తెల్లారి పొద్దుగాల సామాన్ల ట్రాలీ ఆటో వచ్చింది. సిస్టరమ్మ పెట్టె, కాన్పుల బల్ల ఎక్కించిండ్రు. బల్లకు ఒకదిక్కు నేనే పట్టిన. ఎల్లమ్మ, కోడలు మెట్ల మీద కూసోని సూస్తున్నరు. ట్రాలీ పోయినంక లోపలికి పోయి కాయితం తీసిన. అత్తకొక గీత, కోడలికొక గీత గీసిన.